టెగుయిక్సిన్, మెరియానే, సాల్వేటర్: టెగు పేర్లలో ఏది ఏ జంతువుది?

అడిగిన ప్రశ్న ఇది: ఒకే పెద్ద నలుపు-తెలుపు టెగుకి (ఇది దక్షిణ అమెరికా బల్లి) పాత పుస్తకంలో టుపినాంబిస్ టెగుయిక్సిన్ అని ఉంది, 2000ల నాటి వ్యాసాల్లో టుపినాంబిస్ మెరియానే అని ఉంది, ఇప్పుడు ఎక్కడ చూసినా సాల్వేటర్ మెరియానే అంటున్నారు. ఇవి మూడు జంతువులా, ఒకటేనా? వన్యప్రాణి చట్టం కింద చేసే రిజిస్ట్రేషన్‌లో ఏ పేరు రాయాలి?

ముందు సూటిగా జవాబు. ఆర్జెంటీనా నలుపు-తెలుపు టెగు అని అమ్మే జంతువు ఇప్పటి పేరు సాల్వేటర్ మెరియానే. టుపినాంబిస్ మెరియానే దాని పాత పేరే, జంతువు మారలేదు. టెగుయిక్సిన్ సంగతి మాత్రం వేరు. అది రద్దయిన పేరు కాదు, ఇప్పటికీ చెల్లుతుంది, కానీ వేరే జంతువుకి. అమెజాన్ వైపు ఉండే, కాస్త చిన్నదైన, బంగారు పసుపు చారల టెగుది ఆ పేరు. అంటే ఒకే మాట 1990లో ఒక జంతువుని, 2000లో ఇంకో జంతువుని సూచించింది. చిక్కంతా ఇక్కడే ఉంది. అందుకే టెగు గురించి ఏది చదివినా పేరుతో పాటు రెండు విషయాలు చూడాలి: అది ఏ సంవత్సరంలో రాసింది, జంతువు ఏ ప్రాంతానిది. ఈ రెండూ తెలిస్తే నూటికి తొంభై సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

సంవత్సరాల్లో రెండు గీతలు గుర్తుంచుకోండి: 1995, 2012.

1995కి ముందు సాధారణంగా నడిచిన వాడుక ఇది. దక్షిణాది నలుపు-తెలుపు టెగుని టుపినాంబిస్ టెగుయిక్సిన్ అనేవారు. అమెజాన్ టెగుని టుపినాంబిస్ నైగ్రోపంక్టేటస్ అనేవారు, అది జర్మన్ శాస్త్రవేత్త స్పిక్స్ పెట్టిన పేరు. 1973లో ప్రెష్ చేసిన సమీక్ష కూడా ఇదే పద్ధతిలో నాలుగు జాతుల్ని గుర్తించింది: టెగుయిక్సిన్, నైగ్రోపంక్టేటస్, రూఫెసెన్స్, డుసెనీ. 1970ల, 80ల నాటి పెంపకం పుస్తకాలు, తోళ్ల వ్యాపారం లెక్కలు, జూ రికార్డులు అన్నీ దాదాపు ఈ వాడుకలోనే ఉంటాయి.

1995లో బ్రెజిల్ అమెజాన్ బల్లుల మీద ఆవిలా-పిరెస్ పెద్ద గ్రంథం వెలువరించారు. ఈ వాడుక మారింది అందులోనే. టెగుయిక్సిన్ అన్న పేరు 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టింది. ఆయన దాన్ని లాసెర్టా టెగుయిక్సిన్ అన్నాడు. ఆ రోజుల్లో దాదాపు ప్రతి బల్లీ లాసెర్టాయే. ఆయన ఇచ్చిన వర్ణన నాలుగు ముక్కలు, ఊరు అడిగితే ‘ఇండియాల్లో’ అని మాత్రమే ఉంది. దాన్ని బట్టి మన దేశం అనుకోకండి. అప్పట్లో దూరదేశాల నుంచి వచ్చిన చాలా నమూనాల మీద అదే మాట రాసేవారు. అలాంటప్పుడు పేరు ఎవరిదో తేల్చేది వర్ణన కాదు, ఆ పేరుకి ఆధారమైన టైప్ నమూనా. స్వీడన్‌లో భద్రంగా ఉన్న ఆ నమూనా లక్షణాలు అమెజాన్ జంతువుతో సరిపోతాయి, ఆర్జెంటీనా జంతువుతో కాదు. కాబట్టి టెగుయిక్సిన్ అన్న పేరు అమెజాన్ టెగుకి వెళ్లింది. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్న నియమం ప్రకారం, అరవై ఏళ్లకు పైగా వెనక వచ్చిన నైగ్రోపంక్టేటస్ దానికి పర్యాయనామం అయిపోయింది.

మరి దక్షిణాది జంతువు పేరు లేకుండా మిగిలింది కదా. దానికి కొత్త పేరు పెట్టనక్కర్లేదు, 1839లోనే ఫ్రాన్స్‌లో డ్యుమెరిల్, బిబ్రాన్ ఇద్దరూ కలిసి పెట్టిన పేరు ఒకటి ఉంది: సాల్వేటర్ మెరియానే. 1995లో అందులో జాతి పదాన్ని (రెండో మాటని) తీసుకుని టుపినాంబిస్ మెరియానే అన్నారు, ఎందుకంటే అప్పటికి టెగులన్నీ టుపినాంబిస్ అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట దానిదే) ఉన్నాయి.

2012లో హార్వీ, ఉగేటో, గట్‌బెర్లెట్ టెగులు చేరే టెయిడే అనే బల్లుల కుటుంబం మొత్తాన్నీ పొలుసుల దగ్గర్నుంచి నాలుక దాకా తిరగేసి చూశారు. టెగుల్లో రెండు గుంపులు స్పష్టంగా వేరని తేల్చారు. అంతకు ముందే 1999లో ఫిట్జెరాల్డ్, కుక్, అక్వినో డీఎన్ఏ మీద చేసిన పనిలోనూ అమెజాన్ టెగులు ఒక శాఖగా, దక్షిణాదివి ఇంకో శాఖగా విడిపోయాయి. రెండు గుంపులకి రెండు ప్రజాతులు కావాలంటే దక్షిణాది గుంపుకి మళ్లీ పాత పేరే సిద్ధంగా ఉంది. అలా సాల్వేటర్ తిరిగొచ్చింది. మీరు కొత్తగా వింటున్న సాల్వేటర్ మెరియానే నిజానికి 1839 నాటి మొట్టమొదటి పేరే, అక్షరం తేడా లేకుండా.

ఈ సంగతి పేరు వెనక రాసే బ్రాకెట్‌లో కూడా కనిపిస్తుంది. చాలామంది దీన్ని అలంకారం అనుకుని ఇష్టమొచ్చినట్టు పెడతారు. నియమం చిన్నది: జాతికి పేరు పెట్టినవాళ్లు దాన్ని మొదట ఏ ప్రజాతిలో ఉంచారో ఇప్పుడూ అందులోనే ఉంటే బ్రాకెట్ ఉండదు, ప్రజాతి మారితే వాళ్ల పేరు, సంవత్సరం బ్రాకెట్‌లోకి వెళ్తాయి. కనుక సరైన రాత ఇలా ఉండాలి:

సాల్వేటర్ మెరియానే డ్యుమెరిల్ & బిబ్రాన్, 1839
సాల్వేటర్ రూఫెసెన్స్ (గుంథర్, 1871)
సాల్వేటర్ డుసెనీ (లోన్‌బెర్గ్, 1910)
టుపినాంబిస్ టెగుయిక్సిన్ (లిన్నేయస్, 1758)

మెరియానేని టుపినాంబిస్ కింద రాసిన రోజుల్లో బ్రాకెట్ ఉండేది, ఇప్పుడు లేదు. ఎవరైనా సాల్వేటర్ మెరియానే పక్కన బ్రాకెట్ పెట్టి రాశారంటే, పాత పేరు లోంచి ప్రజాతిని మాత్రం మార్చి మిగతాది యథాతథంగా కాపీ చేశారని అర్థం. ఆ పత్రంలో మిగతా వివరాలు కూడా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ప్రజాతి మారినప్పుడు లాటిన్ వ్యాకరణం ప్రకారం జాతి పదం చివర మారాల్సి రావచ్చు, ఆ పదం విశేషణం అయితే. టెగుల విషయంలో ఆ బాధ లేదు. మెరియానే, డుసెనీ రెండూ ‘ఫలానా వారి’ అనే షష్ఠీ రూపాలు, ప్రజాతి ఏదైనా మారవు. రూఫెసెన్స్ మూడు లింగాల్లోనూ ఒకటే. మెరియానే చివర స్త్రీలింగ షష్ఠి ఉండడానికి కారణం అది ఒక స్త్రీ పేరు మీద పెట్టింది కావడమే. మరియా సిబిల్లా మేరియన్ 1699 నుంచి 1701 దాకా సూరినామ్‌లో ఉండి అక్కడి పురుగుల్ని, మొక్కల్ని, సరీసృపాల్ని గీసిన చిత్రకారిణి, ప్రకృతి పరిశోధకురాలు. ఆమె చిత్రాల్లో పెద్ద టెగు కూడా ఉంది. సూరినామ్ నలుపు-తెలుపు టెగు ఉండే ప్రాంతం కాదు, అక్కడ ఉండేది టెగుయిక్సిన్ గుంపు. అయినా పేరు చెల్లుతుంది. శాస్త్రీయ నామం జంతువుకి అతకాలనో, చరిత్రకి సరిపోవాలనో నియమం లేదు, పద్ధతి ప్రకారం ప్రచురితమై ఉంటే చాలు. స్పెల్లింగ్‌లో ‘మరియానే’, ‘మెరినే’ అని రాయడం మార్కెట్లో మామూలైపోయింది. ఇంటిపేరు మేరియన్ అని గుర్తుంటే ఆ తప్పు రాదు.

టుపినాంబిస్ పేరు పుట్టుక ఇంకా విచిత్రం. 1648లో అచ్చయిన బ్రెజిల్ ప్రకృతి వర్ణనలో మార్క్‌గ్రేవ్ ఈ బల్లికి స్థానిక పేర్లు ఇస్తూ, అవి టుపినాంబా ప్రజలు పిలిచే పేర్లని చెప్పడానికి లాటిన్‌లో ‘టుపినాంబిస్’ అని చేర్చాడు. ‘టుపినాంబాల వాడుకలో’ అని దాని భావం. తర్వాతివాళ్లు దాన్ని బల్లి పేరే అనుకున్నారు. ఫ్రాన్స్‌లో డౌడిన్ 1802లో దాన్ని ప్రజాతి పేరుగా ఖాయం చేశాడు. పొరపాటున పుట్టినా పేరు నిలిచింది, పైన చెప్పిన కారణం చేతనే.

తెలుగువాళ్లకి ఇక్కడ నేరుగా సంబంధమున్న విషయం ఒకటి ఉంది. డౌడిన్ టుపినాంబిస్‌లో టెగుల్ని మాత్రమే పెట్టలేదు, పాతలోకపు ఉడుముల్ని కూడా కలిపేశాడు. మన పొలాల గట్ల మీద, పుట్టల దగ్గర కనబడే ఉడుముకి మొట్టమొదటి శాస్త్రీయ నామం టుపినాంబిస్ బెంగాలెన్సిస్, ఇచ్చింది డౌడినే, 1802లోనే. తర్వాత ఉడుములకి వరానస్ అనే వేరే ప్రజాతి ఏర్పడింది. అందుకే ఇప్పుడు వరానస్ బెంగాలెన్సిస్ (డౌడిన్, 1802) అని బ్రాకెట్‌తో రాస్తాం. పాత ఫ్రెంచి, ఇంగ్లీషు పుస్తకాల్లో భారతదేశంలో టుపినాంబిస్ ఉన్నట్టు రాసి ఉంటే కంగారు పడకండి. అది ఉడుము, టెగు కాదు. టెగులు సహజంగా ఉండేది దక్షిణ అమెరికాలోనూ దాన్ని ఆనుకున్న ట్రినిడాడ్ లాంటి దీవుల్లోనూ.

ఇలాంటిదే ఇంకో తికమక: వరానస్ సాల్వేటర్. అది ఆసియా నీటి ఉడుము, 1768లో లారెంటి పెట్టిన పేరు. అక్కడ సాల్వేటర్ జాతి పదం, టెగుల్లో సాల్వేటర్ ప్రజాతి పేరు. నామకరణ నియమావళిలో జాతి పదానికీ ప్రజాతి పేరుకీ మధ్య పోటీ ఉండదు కాబట్టి రెండూ చెల్లుతాయి. కానీ ఇంటర్నెట్‌లో ఉత్త ‘సాల్వేటర్’ అని వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి, ఆహారం నుంచి అనుమతుల దాకా అంతా తారుమారవుతుంది. ఎప్పుడూ రెండు మాటలూ కలిపి వెతకండి. టెగులకి దగ్గరి చుట్టం డ్రసీనా అనే కైమన్ బల్లిది కూడా ఇదే పరిస్థితి. కుండీల్లో పెంచే డ్రసీనా మొక్కదీ దానిదీ ఒకే ప్రజాతి పేరు. మొక్కల నియమావళి వేరు, జంతువుల నియమావళి వేరు, ఒకదాని పేరు ఇంకోదానికి అడ్డు రాదు.

పేర్ల సంగతి అలా ఉంచి, ఎదురుగా ఉన్న జంతువు ఏదో ఎలా తేల్చాలి? రంగుని నమ్మకూడదు. వయసుతో, కుబుసంతో, వెలుతురుతో రంగు మారుతుంది. నలుపు-తెలుపు టెగు పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు తలా మెడా ఆకుపచ్చగా ఉంటాయి. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆ పచ్చదనం పోతుంది. ఎర్ర టెగు పిల్లలో ఎరుపు కనిపించదు, పెరిగే కొద్దీ వస్తుంది. నమ్మదగ్గ గుర్తు ముఖం పక్కన ఉంటుంది.

ముక్కు రంధ్రం చుట్టూ ఉన్న పొలుసు నుంచి కంటి వైపు నెమ్మదిగా చూసుకుంటూ రండి. కంటి ముందు ఉండే చిన్న పొలుసులకీ ముక్కు పొలుసుకీ మధ్య, పై పెదవి పొలుసుల వరుసకి పైన, ఒక పెద్ద పలక ఉంటుంది. దాన్ని లోరియల్ పొలుసు అంటారు. అక్కడ ఒకే పొడవాటి పలక ఉంటే టుపినాంబిస్. ఒకదాని వెనక ఒకటిగా రెండు పలకలు ఉంటే సాల్వేటర్. రెండు ప్రజాతుల్ని విడదీయడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు, జంతువుని పట్టుకోనక్కర్లేదు కూడా, ఫోటో చాలు. ఫోటో తీసేటప్పుడు కెమెరా ముఖానికి సరిగ్గా పక్కగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే పలకల మధ్య గీత కనపడదు. ఫ్లాష్ వద్దు, పొలుసు మెరిసి గీత మాయమవుతుంది. పగటి నీడ వెలుతురు సరిపోతుంది. రెండు వైపులా తీయండి, ఎందుకంటే ఒక్కోసారి ఒక వైపు పొలుసు చీలడమో కలిసిపోవడమో ఉంటుంది. పాత గాయం మానిన చోట కూడా మోసం జరుగుతుంది. రెండు వైపులూ ఒకే మాట చెబితేనే తేల్చండి.

రెండో ఆధారం చర్మం తీరు. టుపినాంబిస్ ఒళ్లు నునుపుగా, మెరుస్తూ ఉంటుంది. సాల్వేటర్ వీపు పూసలు పరిచినట్టు గరుకుగా కనిపిస్తుంది. మూడోది పరిమాణం. ఎదిగిన మగ మెరియానే తోకతో కలిపి 1.2 మీటర్లు దాటడం మామూలే, టెగుయిక్సిన్ సాధారణంగా ఒక మీటరు లోపే ఆగుతుంది. కానీ పిల్లల దగ్గర ఈ మూడోది పనికిరాదు, తోక తెగి మళ్లీ మొలిచిన జంతువు దగ్గర మొత్తం పొడవు అసలే పనికిరాదు. ముక్కు కొస నుంచి మలద్వారం వరకు కొలిచి ఆ అంకె రాసుకోండి.

ఉడుమా టెగువా అన్న అనుమానం వస్తే (అటవీ సిబ్బందికి పట్టుబడిన జంతువుల ఫోటోల విషయంలో ఇది తరచూ వస్తుంది) తల పైభాగం చూడండి. టెగు తల మీద పెద్ద పెద్ద పలకలు ఇరువైపులా సమానంగా అమరి ఉంటాయి. ఉడుము తలంతా చిన్న పొలుసులే. టెగు తొడల లోపలి వైపు రంధ్రాల వరుస ఉంటుంది, ఉడుముకి ఉండదు. టెగు తోక తెగితే మళ్లీ పెరుగుతుంది, ఉడుముది పెరగదు. ఈ తేడా చట్టం దృష్టిలో చాలా పెద్దది. ఉడుము మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

మార్కెట్ పేర్లకి ఇప్పుడు శాస్త్రీయ నామాలు కలుపుదాం. ‘ఆర్జెంటీనా నలుపు-తెలుపు’ అన్నది సాల్వేటర్ మెరియానే. ‘బ్లూ టెగు’, ‘చాకో జెయింట్’ అన్నవి కూడా మెరియానేలోని రంగు రూపాలే, వాటికి విడి శాస్త్రీయ నామం లేదు. ఎవరైనా ‘బ్లూ’కి మూడో పదం కలిపి ఉపజాతిలా రాస్తే అది వ్యాపారులు కల్పించిన పేరు. ‘ఎర్ర టెగు’ సాల్వేటర్ రూఫెసెన్స్, పశ్చిమ ఆర్జెంటీనా, పరాగ్వే, బొలీవియాల పొడి చాకో ప్రాంతాలది. ‘పసుపు టెగు’ సాల్వేటర్ డుసెనీ, ఇది బ్రెజిల్ సెర్రాడో గడ్డి మైదానాలది, పెంపకంలో చాలా అరుదు. ‘గోల్డ్’, ‘కొలంబియన్ టెగు’ అనేవి టుపినాంబిస్ టెగుయిక్సిన్ గుంపు. ఇక్కడ ‘గుంపు’ అని ఎందుకన్నానో కింద చెబుతాను. స్థానిక పేర్లు కూడా తెలిసి ఉండాలి: ఆర్జెంటీనాలో మెరియానేని ‘లగార్తో ఓవెరో’ అంటారు, చాలా చోట్ల ‘ఇగువానా ఓవెరా’ అని కూడా అంటారు. ఇగువానా అని చదివి పచ్చ ఇగువానా అనుకోవద్దు. రూఫెసెన్స్‌ని ‘కొలొరాడో’ అంటారు. బ్రెజిల్‌లో ‘తెయు’, ట్రినిడాడ్‌లో టుపినాంబిస్‌ని ‘మాటే’ అంటారు.

టుపినాంబిస్ వైపు లెక్క ఇంకా మారుతూనే ఉంది. 1995లో లాంగిలినియస్, 1997లో క్వాడ్రిలినియేటస్, 2002లో పాలస్ట్రిస్ అనే కొత్త జాతులు వచ్చాయి. 2016లో మర్ఫీ, ఆయన సహచరులు టెగుయిక్సిన్ అని అందరూ అంటున్న జంతువుల్లో పైకి ఒకేలా కనిపించే వేర్వేరు జాతులు దాగి ఉన్నాయని డీఎన్ఏ, పొలుసుల ఆధారాలతో చూపించి క్రిప్టస్, కుజ్కోయెన్సిస్, జులియెన్సిస్ అనే మూడింటికి పేర్లు పెట్టారు. 2018లో మధ్య బ్రెజిల్ నుంచి మటిపు చేరింది. దీని వల్ల మీకు వచ్చే చిక్కు ఏమిటంటే, పట్టుకొచ్చిన ప్రాంతం తెలియని గోల్డ్ టెగుని టెగుయిక్సిన్ అనే అనడానికి ఫోటో ఒక్కటే చాలదు. ఆ గుంపు జంతువులు ఒకే ప్రాంతంలో రెండు జాతులుగా కలిసి ఉండే చోట్లు కూడా ఉన్నాయి. నిజాయితీగా రాయాలంటే ‘టుపినాంబిస్, టెగుయిక్సిన్ గుంపు’ అని రాయాలి. ఫారం ఒకే జాతి పేరు అడిగితే టెగుయిక్సిన్ రాసి, ‘మూల ప్రాంతం తెలియదు’ అని వివరణ గడిలో చేర్చండి.

క్వాడ్రిలినియేటస్ దగ్గర పేరు హక్కు ఎలా నడుస్తుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1997లో మంజానీ, అబే కలిసి సెర్రాడో ప్రాంతపు టెగుకి ఆ పేరు పెట్టారు. మరుసటి ఏడాదే కొల్లి బృందం అదే జంతువుని సెర్రాడెన్సిస్ అని వర్ణించింది. రెండూ ఒకటేనని తేలాక ఒక్క ఏడాది ముందున్న పేరే నిలిచింది. వర్ణన ఎంత బాగుంది, నమూనాలు ఎన్ని అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. కాబట్టి సెర్రాడెన్సిస్ అని ఉన్న వ్యాసాన్ని క్వాడ్రిలినియేటస్‌గా చదువుకోవాలి.

పేరు తప్పు చదివితే నష్టం కాగితం మీదే ఆగదు, జంతువుకి తగులుతుంది. మెరియానే దక్షిణ శీతాకాలంలో నెలల తరబడి బొరియలో నిద్రపోయే జంతువు. సంతాన కాలంలో దాని ఒంటి వేడి చుట్టుపక్కల కంటే 10 డిగ్రీల సెల్సియస్ వరకు ఎక్కువగా ఉంటుందని 2016లో టాటర్సాల్ బృందం చూపించింది, బల్లుల్లో ఇది అపురూపం. టెగుయిక్సిన్ భూమధ్య రేఖ దగ్గరి తేమ అడవులది, దానికి అలాంటి సుదీర్ఘ శీతనిద్ర లేదు. 1980ల నాటి పెంపకం పుస్తకంలో ‘టెగుయిక్సిన్‌ని చలికాలంలో చల్లబరచాలి’ అని ఉంటే అది మెరియానే గురించి రాసింది. దాన్ని నమ్మి గోల్డ్ టెగుని చల్లని గదిలో పెడితే మొదట తిండి మానేస్తుంది, కడుపులో ఉన్నది అరగదు, ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. ఇంకోవైపు రూఫెసెన్స్ పొడి నేలదని గోల్డ్‌ని కూడా పొడిగా ఉంచితే కుబుసం సరిగ్గా ఊడక వేళ్ల చివర్లు, తోక కొస బిగుసుకుని దెబ్బతింటాయి. పెంపకం సూచన ఏది చదివినా ముందు తేదీ చూసి, పేరుని ఇప్పటి పేరులోకి మార్చుకుని, ఆ తర్వాతే పాటించండి.

వ్యాసాలు వెతికేటప్పుడు దక్షిణాది టెగు కోసం మూడు పేర్లతోనూ విడివిడిగా వెతకాలి: సాల్వేటర్ మెరియానే, టుపినాంబిస్ మెరియానే, 1995కి ముందు వాటికి టుపినాంబిస్ టెగుయిక్సిన్. మూడో దాన్లో వచ్చిన ప్రతి వ్యాసంలోనూ నమూనాలు ఎక్కడివో చూడండి. ఆర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ అయితే అది మెరియానే. వెనిజులా, గయానా, సూరినామ్, అమెజాన్ అయితే ఇప్పటి టెగుయిక్సిన్ గుంపు. 1980లలో ఆర్జెంటీనా నుంచి ఏటా 10 లక్షలకు పైగా టెగు తోళ్లు బూట్లు, బెల్టుల కోసం బయటికి వెళ్లాయి. ఆ పత్రాల్లో ఉన్న టెగుయిక్సిన్ అంతా ఇప్పటి మెరియానే. మ్యూజియం లేబుళ్లలో, జన్యు డేటాబేసుల్లో పాత పేర్లు ఇంకా అలాగే ఉంటాయి, ఎవరూ తీరిగ్గా మార్చరు.

ఇక రిజిస్ట్రేషన్. టెగులు రెండు ప్రజాతులూ సైటిస్ (అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం అనుబంధం 2లో ఉన్నాయి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ అనుబంధాల్లోని జీవులు దానితో నాలుగో షెడ్యూల్‌లోకి చేరాయి. వాటిని ఉంచుకున్నవాళ్లు 49ఎం సెక్షన్ కింద నమోదు చేయించాలి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాలు పరివేష్ 2.0 అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా నమోదుకి ఆరు నెలల గడువు ఇచ్చాయి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా అదీ తెలియజేయాలి. ఫారంలో పేరు రోమన్ లిపిలో, ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతి పదం మొత్తం చిన్న అక్షరాల్లో రాయాలి. మనిషి పేరు నుంచి వచ్చినా మెరియానేకి పెద్ద అక్షరం రాదు. ‘బ్లూ’, ‘చాకో’ లాంటివి శాస్త్రీయ నామం గడిలో రాయవద్దు, వాడుక పేరు గడిలో రాయండి. దిగుమతి పత్రంలో టుపినాంబిస్ మెరియానే అని ఉండి మీరు సాల్వేటర్ మెరియానే రాస్తే పరిశీలించేవారికి రెండు జంతువుల్లా కనిపించవచ్చు. అందుకే వివరణలో ‘పూర్వనామం టుపినాంబిస్ మెరియానే’ అని ఒక వాక్యం చేర్చి, రెండు వైపుల ముఖం ఫోటోలు జత చేయండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి: ఫ్లోరిడాలో మెరియానే అడవిలో స్థిరపడిపోయి మొసలి గుడ్లు, నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు, తాబేలు గుడ్లు తింటోంది. జార్జియాలో టూంబ్స్, టాట్నల్ కౌంటీల్లోనూ కనబడింది. ఫ్లోరిడా 2021లో టెగుల్ని నిషిద్ధ జాబితాలో చేర్చినప్పుడు రెండు ప్రజాతుల్నీ కలిపే చేర్చింది, కాబట్టి ‘నాది సాల్వేటర్ కాదు, టుపినాంబిస్’ అన్న వాదన అక్కడ చెల్లదు. రాష్ట్రం మారే ముందు ఆ రాష్ట్ర జాబితాలో ఏ పేరుతో ఉందో రెండు ప్రజాతుల కిందా వెతకండి.

సంకరాల సంగతి కూడా అడుగుతారు కాబట్టి: మెరియానే, రూఫెసెన్స్ పెంపకంలో కలుస్తాయి, ఆ పిల్లలు అమ్మకంలో ఉన్నాయి. వాటికి ఏ ఒక్క జాతి పేరూ చెల్లదు. సాల్వేటర్ మెరియానే × సాల్వేటర్ రూఫెసెన్స్ అని రెండు పేర్ల మధ్య గుణకారం గుర్తు పెట్టి రాయాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ అనుబంధం 2 జంతువులే కాబట్టి సంకరానికి నమోదు నుంచి మినహాయింపు లేదు.

ఇప్పటికే టుపినాంబిస్ మెరియానే అని నమోదు చేయించుకున్నవాళ్లు తొందరపడనక్కర్లేదు, అది అదే జాతికి పర్యాయనామం, తర్వాతి మార్పు తెలియజేసేటప్పుడు కొత్త పేరు చేర్చమని అడగొచ్చు. నలుపు-తెలుపు జంతువుని టెగుయిక్సిన్ అని నమోదు చేయించినవాళ్లు మాత్రం వెంటనే సవరణ కోరాలి. కాగితం మీద ఒక జాతి, గూడులో ఇంకో జాతి ఉన్నట్టు లెక్క అది. లోరియల్ పొలుసులు రెండు కనిపించే ఫోటో ఒక్కటి ఆ సవరణకి అన్నిటికంటే బలమైన ఆధారం.